ఇరవై అడుగుల పూల మడి: పన్నెండు రకాలు ఐదుకు తగ్గిన తీరు

మడి కొలత 20 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. వెనక ఆరడుగుల గోడ, ముందు నడక బాట. నేరుగా ఎండ పడేది రోజుకు ఏడు గంటలు. మొదటి విడతలో ఇందులో పన్నెండు రకాలు నాటారు, ఒక్కో రకం మూడో నాలుగో మొక్కలు: మెట్టతామర, బాల్సమ్, కోలియస్, పెటూనియా, బిళ్ళగన్నేరు, నాచు పూలు, గైలార్డియా, జినియా, ఆఫ్రికన్ బంతి, ఫ్రెంచ్ బంతి, ఎర్ర సాల్వియా, కాస్మోస్. అన్నీ నర్సరీలో పూసి ఉండగా చూసి తెచ్చినవే. నాటిన రోజు మడి కళకళలాడింది. పది వారాలు తిరిగేసరికి మధ్యలో మూడు చోట్ల నేల బయటపడింది. కాస్మోస్ నాలుగడుగులు పెరిగి ముందుకు వాలింది. దాని నీడలో నాచు పూలు విచ్చుకోవడమే మానేశాయి. బిళ్ళగన్నేరులో సగం చచ్చిపోయింది. యజమానుల ఫిర్యాదు మాత్రం ఒక్కటే: రంగులు కుదరలేదు.

ఈ మడిలో రంగుల తప్పు చాలా తక్కువ. కలవనివి దాహాలు, ఎత్తులు, పూసే కాలాలు. ఆ మూడూ కలిసిన మొక్కల్లోంచి రంగు ఏరుకోవాలి గానీ, రంగు చూసి మొక్కను తెచ్చి దానికి మడిలో చోటు వెతకకూడదు. ఈ మడిని మేం మళ్ళీ వేసిన పని అంతా ఈ ఒక్క మాట మీదే నడిచింది.

చచ్చిన బిళ్ళగన్నేరును చూస్తే

మొదట చూడాల్సింది చచ్చిన మొక్కనే. బిళ్ళగన్నేరు కొమ్మల చివర్లు వేలాడుతున్నాయి, కానీ మొదలు దగ్గర మట్టి తడిగానే ఉంది. తడి మట్టిలో వాడిపోతున్న మొక్కకు ఇంకా నీళ్ళు పోస్తే దాన్ని చేతులారా చంపినట్టే. కాండం మీద మట్టికి రెండంగుళాల ఎత్తున నీరు పట్టినట్టు నల్లటి మచ్చ, అక్కడి నుంచి పైకి ఆకులు ముడుచుకుని వేలాడుతున్నాయి. మొక్కను పీకి వేరును రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతోలు జారి చేతికొచ్చింది, లోపల దారంలాంటి నడిమి పోగు మిగిలింది. వేరు కుళ్ళుకు ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదు. బతికున్న వేరు తెల్లగా ఉంటుంది, లాగితే తెగుతుంది తప్ప తోలు ఊడదు.

నీళ్ళు ఎక్కువ పోసింది ఎవరి కోసం? మెట్టతామర, బాల్సమ్, కోలియస్ కోసం. ఈ మూడూ తడి కోరేవి. మట్టి కాస్త ఆరగానే బాల్సమ్, కోలియస్ తలలు వేలాడేస్తాయి, చూసినవాళ్ళు వెంటనే పైపు పట్టుకుంటారు. పక్కనే ఉన్న బిళ్ళగన్నేరు, నాచు పూలు, గైలార్డియా రెండు తడుల మధ్య మట్టి ఆరడం కోరుకునేవి. ఒకే పైపుతో, ఒకే రోజు, ఒకే మడిలో ఈ రెండు జట్లకూ న్యాయం చేయడం కుదరదు. అలాంటి మడిలో నోరు పెద్దది గెలుస్తుంది, అంటే ముందు వాడిపోయి కనిపించేది.

మిగతా రకాలు ఎలా పోయాయో చూస్తే అదే కథ వేరే రూపాల్లో. కోలియస్ ఆకులు మధ్యాహ్నపు ఎండకు అంచులు మాడాయి, దానికి పొద్దుటి ఎండ, ఆ తర్వాత పల్చటి నీడ కావాలి. జినియా మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు: మొక్కకూ మొక్కకూ ఆరంగుళాలే వదిలారు, వెనక గోడ ఉంది, గాలి ఆడే దారి లేదు. పెటూనియా లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. అది ఇనుము అందని లక్షణం. గోడ కట్టినప్పటి సిమెంటు పెళ్ళలు ఆ మూల మట్టిలో దొరికాయి, సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. కాస్మోస్‌కు మాత్రం ఆకలి తీరి మిగిలింది. బలిసిన మట్టిలో అది ఆకు, కాడ పెంచుకుంటుంది, పువ్వు మరిచిపోతుంది. మెట్టతామర కోసం వేసిన ఎరువు దానికి చేరింది.

ఇక ఫ్రెంచ్ బంతి, ఎర్ర సాల్వియా. ఇవి చావలేదు. నర్సరీలోనే విరగబూసి వచ్చాయి కాబట్టి నాటాక మూడు వారాలు పూసి, వాడిన పూలు తుంచేవారు లేక విత్తనం కట్టి ఆగిపోయాయి. పూసి ఉన్న మొక్కను కొనడంలో ఉన్న ఇబ్బంది ఇదే: చిన్న కుండీలో వేళ్ళు చుట్టలు చుట్టుకుని, మొక్క తన ఎదుగుదలలో కొంత అక్కడే ఖర్చు పెట్టేసి ఉంటుంది. మొగ్గ ఇంకా విప్పని, గుబురుగా, పొట్టిగా ఉన్న మొక్క అందంగా కనిపించదు, కానీ మడిలో నిలబడేది అదే.

మట్టి పని

కొత్త రకాలు ఎంచకముందే నీళ్ళు ఎలా ఇంకుతున్నాయో చూశాం. అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్ళు పోసి, అవి ఇంకిపోయాక మళ్ళీ నింపి, రెండోసారి గంటకు ఎన్ని అంగుళాలు దిగుతాయో కొలవాలి. మొదటిసారి కొలిస్తే పొడి మట్టి తాగే నీళ్ళు కూడా లెక్కలోకి వచ్చి మోసం చేస్తుంది. గంటకు ఒకటి నుంచి మూడు అంగుళాలైతే చాలా పూల మొక్కలకు సరిపోతుంది. ఈ మడిలో ముందు అంచు దగ్గర రెండంగుళాలు దిగింది, గోడ వార ఎడమ మూలలో అరంగుళం. ఒకే మడిలో రెండు నేలలున్నట్టు లెక్క. ఒక్క గొయ్యితో సరిపెట్టుకుంటే ఇది తెలిసేది కాదు, కనీసం మూడు చోట్ల తీయాలి.

ఆ మూలలో పెళ్ళలు, గచ్చు ముక్కలు ఏరి 12 అంగుళాలు తవ్వి, మట్టిని నాలుగంగుళాలు ఎత్తు చేశాం. అడుగున గులకరాళ్ళు పోయమని చాలామంది చెప్తారు, అది పనికిరాదు. సన్నటి మట్టి కింద గరుకు పొర ఉంటే నీరు మట్టి పూర్తిగా తడిసేదాకా కిందికి దిగదు, వేళ్ళ దగ్గరే నిలుస్తుంది. మట్టిని మొత్తంగా గుల్ల చేయడమే దారి.

గోడ వెంట ఒక అడుగు ఖాళీ వదిలాం. ముందు నుంచి చేయి చాపితే రెండున్నర అడుగుల దాకా అందుతుంది, అయిదడుగుల మడిలో వెనక సగం అందదు. ఆ అడుగు బాట మీద నిలబడి వెనక మొక్కల పని చేయొచ్చు, గోడ వేడి కూడా నేరుగా తగలదు. నాటే చోటు ఇప్పుడు 20 × 4, అంటే 80 చదరపు అడుగులు. దాని మీద రెండంగుళాల మందాన బాగా చివికిన ఎరువు పరిచాం. లెక్క 13 ఘనపుటడుగుల పైచిలుకు, సుమారు 380 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లతో 19. దాన్ని 8 నుంచి 10 అంగుళాల లోతు దాకా కలిపాం. చివకని పశువుల ఎరువు వాడితే నారు వేళ్ళు మాడతాయి, కలుపు విత్తనాలు ఉచితంగా వస్తాయి. ముద్ద చేసి వాసన చూస్తే తెలుస్తుంది: మట్టి వాసన రావాలి, ఘాటు రాకూడదు. పైన నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 17-17-17 ఎరువు 200 గ్రాములు చల్లాం, అంతకు మించి లేదు. ఎంచబోయే మొక్కల్లో ఒక్కటి కూడా తిండిపోతు కాదు.

జల్లెడ

రకాల ఎంపిక జల్లెడ పట్టడంలాంటిది, ఒక జల్లెడ కింద ఇంకొకటి. మొదటిది ఎండ: ఏడు గంటలు తట్టుకోవాలి. కోలియస్, బాల్సమ్ అక్కడే ఆగిపోయాయి. రెండోది నీళ్ళు: మట్టి పైన అంగుళంన్నర ఆరాక తడిపితే చాలనే మొక్కలే. మెట్టతామర వెళ్ళిపోయింది. అది అందమైన మొక్కే, కానీ దానికి వేరే మడి కావాలి. మూడోది ఎత్తు: ఒకవైపు నుంచి చూసే మడిలో అన్నిటికంటే పొడుగు మొక్క మడి వెడల్పులో సగానికి అటూ ఇటూగా ఉంటే కంటికి నిలుస్తుంది. అయిదడుగుల మడికి రెండున్నర అడుగులు. కాస్మోస్ పోయింది. నాలుగోది పూసే కాలం: వాడిన పూలు తుంచినా తుంచకపోయినా కనీసం పది వారాలు రంగు నిలిపేవి కావాలి. అయిదోది పువ్వు ఆకారం. దీన్ని చాలామంది పట్టించుకోరు. అన్నీ గుండ్రటి పూలైతే రంగులు ఎన్ని మారినా మడి బంతుల బుట్టలా కనిపిస్తుంది. నిలువు కంకులు, ఉండలు, పరిచిన రేకులు, మూడూ ఉండాలి.

జల్లెడ కిందికి దిగినవి ఇవి, రెండు పాతవి, మూడు కొత్తవి. వెనకకు లేత నిమ్మపండు రంగు ఆఫ్రికన్ బంతి, రెండున్నర అడుగులు, పెద్ద ఉండలు. మధ్యలో నీలి సాల్వియా, అంటే ఎర్రది కాదు, ఫారినేసియా అనే సన్న కంకుల రకం, 18 నుంచి 20 అంగుళాలు. దాని పక్కన ఊదా గోంఫ్రీనా, అంతే ఎత్తు, చిన్న ఉండలు, కాగితంలాంటి రేకులు వారాల తరబడి రంగు మారవు. ఒకే ఒక్క చోట ముదురు ఎరుపు ఈకల కోడిజుట్టు, 15 అంగుళాలు. ముందు అంచు అంతా తెల్ల బిళ్ళగన్నేరు, 10 నుంచి 12 అంగుళాలు, పరిచిన అయిదు రేకులు. వాడిన పువ్వును అదే రాల్చుకుంటుంది కాబట్టి అంచులో మనకు పని తగ్గుతుంది.

అయిదే. ఇరవై అడుగుల మడికి అయిదు రకాలు చాలా తక్కువనిపిస్తుంది కాగితం మీద. నేల మీద అలా అనిపించదు. ఒక రకం మూడు మొక్కలుంటే అది మచ్చ, ఏడెనిమిది ఉంటే రంగు.

రంగు

1839లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రూల్ పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరించాడు. ఆయన గోబెలిన్స్ తివాచీల కార్ఖానాలో అద్దకాల విభాగం చూసేవాడు. నల్ల దారం నలుపు నిలవట్లేదని ఫిర్యాదు వస్తే పరీక్షించి, లోపం అద్దకంలో లేదు, దాని పక్కన నేసిన రంగులో ఉందని తేల్చాడు. పూల మడిలో రోజూ కనిపించేది ఇదే. పసుపు పక్కన ఊదా పెడితే రెండూ ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. ఎరుపు పక్కన ఊదా పెడితే రెండూ మసకబారతాయి. తప్పు పువ్వుది కాదు, పొరుగుది.

నీలం, ఊదా దూరం నుంచి వెనక్కి తగ్గి నీడలా కనిపిస్తాయి. ఎండలో ఎరుపు, పసుపు ముందుకొస్తాయి. పొద్దు వాలాక లెక్క తిరగబడుతుంది: మసక వెలుతురులో మొదట ఎరుపు నల్లబడిపోతుంది, నీలం ఇంకా తెలుస్తూ ఉంటుంది, తెలుపు, లేత పసుపు అన్నిటికంటే ఆఖరున మాయమవుతాయి. సాయంత్రం పని నుంచి వచ్చి చూసుకునే మడి అయితే ఎర్ర పూలతో నింపడం వృథా. ఈ మడిని ఎక్కువగా చూసేది సాయంత్రమే. అందుకే తెలుపుకు ముందు అంచు మొత్తం, ఎరుపుకు ఒక్క చోటు.

కుండీలు నేల మీద పేర్చాక ఒక చిన్న పరీక్ష చేయాలి. ఫోన్‌తో ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడాలి. ఈ మడిలో మొదటి పేర్పులో ఊదా గోంఫ్రీనా, ఎర్ర కోడిజుట్టు పక్కపక్కన ఉన్నాయి. రంగు ఫొటోలో ఫరవాలేదనిపించింది. నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద రంగు ముద్దగా కలిసిపోయాయి, ఎక్కడ ఒకటి ముగిసి రెండోది మొదలవుతుందో తెలియలేదు. వాటి మధ్యకు లేత పసుపు బంతి ఒక పాయ దించగానే విడిపోయాయి. రంగు వేరు, వెలుగు వేరు. వెలుగులో తేడా లేకపోతే పది అడుగుల దూరం నుంచి ఎన్ని రంగులున్నా ఒక్కటే.

పేర్పు, లెక్క

ఇంగ్లండ్‌లో తోటల రూపశిల్పి గెర్ట్రూడ్ జీకిల్ (1843–1932) మన్‌స్టెడ్ వుడ్‌లో తన ఇంటి దగ్గర 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు మడి వేసింది. రెండు చివర్లా చల్లటి రంగులు, మధ్యకు వచ్చేసరికి పసుపు, నారింజ, ఎరుపు. ఆమె వాడిన ఇంకో పద్ధతి మనలాంటి చిన్న మడికి ఎక్కువ పనికొస్తుంది: మొక్కల్ని గుండ్రటి గుంపులుగా కాకుండా సన్నగా, పొడుగ్గా, ఏటవాలుగా పారే పాయల్లా నాటడం. పాయ ఏటవాలుగా ఉంటే ముందు నుంచి చూసేవారికి పువ్వు ఎక్కువ కనిపిస్తుంది, ఆ రకం పూత అయిపోయాక మిగిలే ఖాళీని ముందు పాయ కప్పేస్తుంది. గుండ్రటి గుంపు అయిపోతే గుండ్రటి గుంట కనిపిస్తుంది. మొదటి విడతలో కనిపించినవి అవే.

మన పాయలు ఒక్కోటి నాలుగు నుంచి అయిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. గళ్ళ కాగితం మీద ఒక గడికి అర అడుగు చొప్పున గీసి, నేల మీద పొడి ఇసుకతో గీతలు పోశాం. సున్నం వాడితే మట్టిలో కలుస్తుంది, ఈ గోడ వార అసలే సున్నం ఎక్కువ.

మొక్కల లెక్క కట్టడానికి విస్తీర్ణాన్ని మొక్కల మధ్య ఎడం (అడుగుల్లో) వర్గంతో భాగించి, జిగ్‌జాగ్‌గా నాటుతున్నాం కాబట్టి దాన్ని 1.15తో గుణించాలి. జిగ్‌జాగ్‌లో ప్రతి మొక్కకూ ఆరు పొరుగులు సమాన దూరంలో ఉంటాయి, వరసలు కనిపించవు, అదే చోటులో 15 శాతం ఎక్కువ పడతాయి.

బంతి: మూడు పాయలు, మొత్తం 18 చదరపు అడుగులు, ఎడం 15 అంగుళాలు, 13 మొక్కలు (5, 5, 3).
నీలి సాల్వియా: మూడు పాయలు, 21 చదరపు అడుగులు, ఎడం అడుగు, 24 మొక్కలు.
గోంఫ్రీనా: రెండు పాయలు, 12 చదరపు అడుగులు, ఎడం అడుగు, 14 మొక్కలు.
కోడిజుట్టు: ఒకే పాయ, 7 చదరపు అడుగులు, ఎడం 10 అంగుళాలు, 11 మొక్కలు.
బిళ్ళగన్నేరు: ముందు అంచు, 22 చదరపు అడుగులు, ఎడం 10 అంగుళాలు, 36 మొక్కలు.

మొత్తం 98. చచ్చేవాటికి బదులుగా పదో పన్నెండో పక్కన కుండీల్లో పెంచుకోవాలి. నెల తర్వాత బయటి నుంచి తెచ్చిన మొక్క ఎత్తు కలవదు, రంగు ఛాయ కూడా కలవకపోవచ్చు.

ఎర్ర కోడిజుట్టు పాయ మడి నట్టనడుమ కాకుండా ఎడమ చివర నుంచి ఎనిమిది అడుగుల దగ్గర పడింది. నట్టనడుమ పెడితే మడి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. దానికి ఆ పక్కా ఈ పక్కా నీలి సాల్వియా, వెనక బంతి. గోంఫ్రీనా రెండు పాయలూ దానికి దూరంగా, రెండు చివర్ల వైపు. బిళ్ళగన్నేరును అంచుకు ఆనించి నాటకుండా ఆరంగుళాలు లోపలికి జరిపాం, పెరిగాక అది బాట మీదికి నాలుగంగుళాలు వస్తుంది. అంచుకు ఆనించి నాటితే నడిచేవాళ్ళ కాళ్ళ కింద పడుతుంది, తర్వాత కత్తిరిస్తే అంచులో పువ్వే ఉండదు.

నారు

అయిదు రకాలూ ఒకే రోజు నాటడానికి సిద్ధం కావాలంటే అయిదూ ఒకే రోజు విత్తకూడదు. నాటే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. బిళ్ళగన్నేరు అన్నిటికంటే నిదానం, 12 వారాల ముందు విత్తాలి. మొలవడానికి చీకటి, 24 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం కావాలి, ట్రే మీద నల్ల కవరు కప్పి మొలకలు కనిపించగానే తీసేయాలి. సాల్వియా 10 వారాల ముందు, గోంఫ్రీనా 8, కోడిజుట్టు 6, బంతి 5. గోంఫ్రీనా విత్తనం చుట్టూ దూదిలాంటి పొట్టు ఉంటుంది, ఇసుకలో కలిపి నలిపితే పోతుంది, అప్పుడు మొలక ఎక్కువ. కావలసిన దానికి ఒకటిన్నర రెట్లు విత్తుకోవడం మంచిది.

నాటడానికి వారం, పది రోజుల ముందు ట్రేలను బయట పెట్టి రోజుకు కొంత కొంతగా ఎండ పెంచాలి. ఒక్కసారిగా పూర్తి ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలతాయి. సాల్వియా, గోంఫ్రీనా, బంతి మొక్కల్ని నాలుగు జతల ఆకులు రాగానే తల తుంచాలి. తుంచితే మొదటి పువ్వు పది రోజులకు పైగా ఆలస్యం, కానీ ఒక కాడ బదులు నాలుగు కాడలు వస్తాయి. ఈకల కోడిజుట్టు పెద్ద నడిమి కంకి కావాలంటే తుంచకూడదు.

నాటింది సాయంత్రం పూట. ట్రేలను ముందే బాగా తడిపి, మట్టి గడ్డ విడవకుండా దించాలి. బంతిని మాత్రం రెండంగుళాలు లోతుగా నాటొచ్చు, దాని కాండం మట్టి తగిలిన చోట కొత్త వేళ్ళు వేస్తుంది, తర్వాత గాలికి నిలబడుతుంది. బిళ్ళగన్నేరును లోతుగా నాటితే కుళ్ళుతుంది, ట్రేలో ఎంత ఎత్తులో ఉందో అంతే. ఒకటే మడి, పక్కపక్క మొక్కలు, లోతు మాత్రం వేరు. పనివాళ్ళకు ఇది ముందే చెప్పకపోతే అన్నీ ఒకే లోతున దిగిపోతాయి.

పైన రెండంగుళాల మందాన ఎండుటాకు తుక్కు పరిచి, ప్రతి కాండం చుట్టూ రెండంగుళాలు ఖాళీ వదిలాం. తెల్ల పువ్వు అంచులో ఉన్నప్పుడు దీనికి ఇంకో ప్రయోజనం ఉంది: వాన చినుకు ఒట్టి నేల మీద పడితే మట్టి చిమ్మి తెల్ల రేకుల మీద మరకలు పడతాయి, ఆ మట్టితోనే తెగులు కూడా ఆకుకెక్కుతుంది.

నీళ్ళు మొదటి రెండు వారాలు తరచుగా, ఆ తర్వాత వారానికి అంగుళం. 80 చదరపు అడుగులకు అంగుళమంటే సుమారు 190 లీటర్లు. రెండు తడుల్లో, పొద్దున పూట, మొదళ్ళకే. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి, ఒక్కరోజు మరిస్తే మొక్క సోలిపోతుంది. వాన పడిన వారం తడి అక్కర్లేదు. వేలు పెట్టి చూస్తే చాలు, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే నీళ్ళు.

రెండో విడతలో తప్పినవి

కోడిజుట్టు మొదటి దెబ్బ కొట్టింది. నాటడం తొమ్మిది రోజులు వాయిదా పడింది, ఆ తొమ్మిది రోజులూ అది చిన్న గదుల ట్రేలోనే ఉంది. వేళ్ళు ఇరుక్కుపోతే కోడిజుట్టు తన బతుకు ముగింపుకొచ్చిందనుకుని తొందరగా కంకి వేస్తుంది, ఆ తర్వాత ఎంత పోషించినా ఎదగదు. పదకొండులో ఆరు మొక్కలు వేలెడు కంకితో ఆరంగుళాల దగ్గర ఆగిపోయాయి. వాటిని అలాగే ఉంచడం దండగ. తీసేసి, మిగులు కుండీల్లోని వాటితో నింపాం. అవి పెద్ద కుండీల్లో ఉన్నాయి కాబట్టి మామూలుగా ఎదిగాయి. నాటడం ఆలస్యమవుతుందని తెలిసిన రోజే కోడిజుట్టును పెద్ద గదుల్లోకి మార్చాలి. మిగతా నాలుగూ ఓర్చుకుంటాయి, ఇది ఓర్చుకోదు.

ఆఫ్రికన్ బంతి మూడు వారాలు ఆలస్యంగా మొగ్గ వేసింది. పొడవు రకాలు పగటి పొద్దు తగ్గితేనే చురుగ్గా మొగ్గ తొడుగుతాయి, పగలు పొడవుగా ఉండే నెలల్లో ఆకు వేసుకుంటూ ఎత్తు పెరుగుతాయి. ఈ మడిలో రెండున్నర అడుగులనుకున్నది మూడడుగులు దాటింది, వాన తడికి పెద్ద పూలు బరువెక్కి రెండు పాయలు ముందుకు ఒరిగి సాల్వియా మీద పడ్డాయి. నాటిన రోజే పాయకు మూడు కర్రలు పాతి, అడుగు ఎత్తున తాడు చుట్టి ఉంటే మొక్క పెరుగుతూ వాటిని కప్పేసేది. పడ్డాక లేపి కట్టిన మొక్క కట్టినట్టే కనిపిస్తుంది, కొమ్మలు మొదలు దగ్గర చీలతాయి. పగలు పొడవైన కాలంలో వేసే మడికి వెనక వరసలో పొడవు బంతి బదులు ఒకటిన్నర అడుగుల రకం వేసి, ఆ పాయల కింద మట్టిని ఆరంగుళాలు ఎత్తు చేయడం నయం.

గోడ వైపు బంతి ఆకులు సూదులతో గుచ్చినట్టు చిన్న చిన్న తెల్ల చుక్కలతో వెలిసిపోయాయి. ఎర్రనల్లి. వేడి, పొడి గాలి దానికి పండగ, గోడ రెండూ ఇస్తుంది. తెల్ల కాగితం మీద ఆకును తట్టితే మిరియాల పొడిలాంటి చుక్కలు రాలి నెమ్మదిగా కదిలాయి, వేలితో రాస్తే గీత పడింది. ఆకు అడుగు భాగం తడిసేలా గట్టిగా నీళ్ళు కొట్టడం మూడు రోజులకోసారి, నాలుగుసార్లు చేస్తే చాలావరకు పోయింది. ఇది పొద్దున్నే చేయాలి, ముందు అంచులోని బిళ్ళగన్నేరు మీదికి నీళ్ళు రాకూడదు. మామూలు పురుగుమందులు కొడితే నల్లిని తినే మంచి పురుగులు చస్తాయి, నల్లి ఇంకా పెరుగుతుంది.

బిళ్ళగన్నేరు ఈసారి 36లో 32 నిలిచింది. పోయిన నాలుగూ కుడి చివరివి, ఒకే చోటివి. బాట కడిగిన నీళ్ళు ఆ మూలకే జారుతున్నాయి. పోయిన చోట మళ్ళీ బిళ్ళగన్నేరు పెడితే మట్టిలో ఉన్న తెగులు దాన్నీ తీసుకుంటుంది. అక్కడ తెల్ల గోంఫ్రీనా పొట్టి రకం వేసి, బాట అంచున రెండంగుళాల కట్ట పోశాం.

సాల్వియా గురించి చెప్పుకోదగ్గ తప్పేమీ లేదు, కానీ ఎనిమిదో వారానికి కంకులు సన్నబడ్డాయి. మూడో వంతు ఎత్తు కత్తిరించి, నీళ్ళు పోస్తే మూడు వారాల్లో మళ్ళీ నిండింది. ఆ మూడు వారాలు మధ్యలో నీలం ఉండదు. అందుకే మూడు పాయల్నీ ఒకేసారి కత్తిరించకూడదు, వారానికొకటి. మడిలో నీలం ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఉంటుంది. బంతి వాడిన పూలు నాలుగు రోజులకోసారి తుంచాలి, కాడతో సహా, కింద ఆకు జత దాకా. ఒట్టి తల తుంచితే గోధుమరంగు మోడులు మిగిలి మడి మాసినట్టుంటుంది. గోంఫ్రీనాను చివరిదాకా ముట్టుకోలేదు.

పద్నాలుగో వారంలో మడిని కొలిస్తే ఎక్కడా అరచేతికి మించిన ఖాళీ లేదు. వచ్చే విడతకు లెక్కలో మూడు మార్పులు రాసి పెట్టాం: బంతి 13 నుంచి 15కు పెంచి పొట్టి రకం, 12 అంగుళాల ఎడం, పాయ విస్తీర్ణం 18 నుంచి 13 చదరపు అడుగులకు తగ్గుతుంది. మిగిలిన అయిదు చదరపు అడుగులు సాల్వియాకు, అంటే ఇంకో ఆరు మొక్కలు. కుడి మూల బిళ్ళగన్నేరు నాలుగు తీసేసి 32.